సెల్లార్ గోడలో ఊపిరి

మా సెల్లార్ గోడలకు చెమట పడుతుందని చెబితే చుట్టాలు నవ్వేవాళ్ళు. నవ్విన ప్రతి మనిషినీ చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, ఆ గోడ మీద అరచెయ్యి పెట్టించేదాన్ని. బయట ఎండకి రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే లోపల ఆ గోడ మాత్రం జ్వరం దిగుతున్న మనిషి నుదురులా తడిగా, చల్లగా ఉండేది. వాళ్ళు గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, చీర కొంగుకు తుడుచుకుని, "సరే, ఇక పైకి పోదాం పా" అనేవాళ్ళు. ఆ తర్వాత ఆ మాట ఎత్తితే ఎవరూ నవ్వలేదు.

కిషన్‌బాగ్‌లో, మూసీకి దగ్గరగా ఉన్న గల్లీలో ఆ పాత ఇల్లు కొన్నాం. కింద సెల్లార్, దాని మీద మేముండే గదులు, పైన డాబా. మా ఆయన కంచన్‌బాగ్ వైపు ఒక లోహాల ఫ్యాక్టరీలో ఫిట్టర్. పైపులు బిగించడం, లీకులు ఆపడం ఆయన పని. నేను ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. లాడ్ బజార్‌లో గాజులు కొనుక్కుని, "ఈ రంగుకు సరిపోయేటట్టు కుట్టు అక్కా" అని వచ్చే పెళ్ళికూతుళ్ళు నాకు ఎక్కువ. సెల్లార్‌లో బట్టల మూటలు పెట్టుకుందామని నా ఆలోచన. నా ఆలోచనలు ఆ ఇంట్లో ఎప్పుడు సాగాయి గనక!

మేము చేరిన కొన్నాళ్ళకే మా ఆడబిడ్డ వచ్చింది. మా ఆయనకు అక్క, నాకు వదిన. ఆమె భర్తను నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఆయన చలికాలంలో నిద్రలోనే పోయాడు. పిల్లలు లేరు. నిజామాబాద్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఒక ఇనుప సందుగ వెంటేసుకుని తమ్ముడి ఇంటికి వచ్చింది. పైన వెనకగది ఆమె కోసం కడిగి, కొత్త దుప్పటి పరిచి పెట్టాను. ఆ గదిలోకి ఒకసారి తొంగిచూసింది. తర్వాత సెల్లార్ మెట్లు దిగి, కింద మూలన నిలబడి, తల పక్కకు వంచి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"నాకు ఈడ చాలు," అంది.

"ఏంది వదినా, ఎలుకలతోని కాపురం చేస్తవా?" అన్నాను.

"ఎలుకలు నీ లెక్క లొల్లి చెయ్యవు," అంది. ఆమె నోరు అలాంటిది. నా నోరు కూడా తక్కువ కాదు. ఆ రోజు నుంచి మేమిద్దరం మాటకు మాట అనుకుంటూ, ఒకే పళ్ళెంలో వెల్లుల్లి ఒలుచుకుంటూ బతికాం.

ఎండాకాలం బాగానే గడిచింది. నిజం చెప్పాలంటే మధ్యాహ్నాలు మేము కూడా ఆ చల్లదనానికి కిందికే పోయి పడుకునేవాళ్ళం. వాన మొదలయ్యాక సెల్లార్ అసలు రంగు బయటపడింది. గోడల అడుగున ఉప్పు పొంగింది. గిలాబ పెచ్చులు పెచ్చులుగా ఊడి మంచం మీద పడేది. సందుగలో మడతపెట్టిన చీరల మీద నల్లటి బూజు చుక్కలు వచ్చాయి. వాటితోపాటు వదినకు దగ్గు పట్టుకుంది. మొదట గొంతులో గరగర, తర్వాత మెట్లెక్కితే ఆయాసం, ఆ తర్వాత కూర్చున్నా ఆయాసం. ఛాతీ డాక్టరు ఎక్స్‌రే తీయించి, వెలుగుకు ఎత్తి చూసి, మా ఆయనతో సూటిగా చెప్పాడు. ఆ గదిలో ఇంకో వానకాలం గడిపితే ఆమె ఊపిరితిత్తులను తన చేతులతో బాగుచేయలేనన్నాడు.

"పైకి రా వదినా, నీ కాళ్ళు మొక్కుత," అన్నాను ఇంటికి వచ్చాక.

"రాను."

"ఎందుకు రావు?"

"రాను అంటిగా. కావాలంటే గోడలు ఎండబెట్టుకో."

మొండికేస్తే ఆ మనిషిని కదిలించడం దేవుడి తరం కూడా కాదు. సరే, మనిషి రాకపోతే నీళ్ళనే బయటికి పంపుదామని నేను నడుం కట్టాను. గల్లీలో మోరీ పొంగి మా గోడకు నీళ్ళు తగులుతున్నాయని ఒకడు చెబితే బయట వాలు మార్పించాను. డాబా మీది వాననీళ్ళ గొట్టం పునాది దగ్గరే కారుతోందని ఇంకొకడు చెబితే దాన్ని రోడ్డు దాకా జరిపించాను. మేస్త్రి వచ్చి పాత గిలాబ గోకేసి, తడి రాకుండా ఆపే కెమికల్ కొట్టి, కొత్తగా సిమెంట్ పూశాడు. కొన్నాళ్ళు గోడ తెల్లగా నవ్వింది. ఆ తర్వాత ఆకాశంలో ఒక్క మబ్బు లేని రోజున కూడా మళ్ళీ తడిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వాన లేదు, నల్లా బంద్, మోరీ పొడిగా ఉంది, మరి ఈ తడి ఎక్కడిది?

ఆ తడిలో ఒక వింత ఉంది. అన్ని గోడలూ ఒకేలా తడిసేవి కావు. వదిన బట్టలు మార్చుకోవడానికని మూలన పాత చీర ఒకటి తెరలా కట్టుకుంది. తడి ఆ తెర వెనక నుంచి మొదలై రెండు వైపులా పాకేది. మేస్త్రి ఆ మూల కూడా గోకుదామంటే వదిన తెర ముందు నిలబడి, "ఆడమనిషి బట్టలు మార్చుకునే జాగ, ఆడ నీకేం పని?" అంది. పాపం అతను సిగ్గుపడి వెనక్కి తగ్గాడు. నేను కూడా సరేలే అనుకున్నాను.

ఇంకో వింత దీపం. అన్నయ్య ఫోటో ముందు వదిన సాయంత్రాలు దీపం పెట్టేది. ఫ్యాన్ ఆపి ఉండేది. రోడ్డు వైపు ఉన్న చిన్న వెంటిలేటర్ కూడా మూసి ఉండేది. అయినా దీపం వత్తి మూల వైపు వంగేది. కాసేపు నిటారుగా నిలబడేది. తర్వాత అటు నుంచి ఎవరో ఊదినట్టు ఇటు వంగేది. "చూసినవా వదినా?" అంటే, "నూనె మంచిది కాదు," అనేసి మాట తప్పించేది.

ఒక మధ్యాహ్నం ఆమె కూరగాయల కోసం బజారుకు వెళ్ళింది. ఆరేసిన దుప్పట్లు మడతపెట్టి సెల్లార్‌లో పెడదామని నేను కిందికి దిగాను. నా వెనక ఎవరో గాఢంగా నిద్రపోతున్నట్టు ఊపిరి వినిపించింది.

"ఎప్పుడొచ్చినవ్ వదినా? పిలవనన్నా లేదు," అంటూ తిరిగాను. మంచం ఖాళీగా ఉంది.

ఊపిరి ఆగింది. నేను కూడా ఆపేశాను. సెల్లార్ మొత్తం చెవులు రిక్కించినట్టు అనిపించింది. ఎంతసేపటికో మళ్ళీ వచ్చింది, ఈసారి బయటికి. పాత మట్టి వాసనతో చల్లటి గాలి నా మడమలను తాకింది. దుప్పట్లు అక్కడే పడేసి, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని పైకి పరిగెత్తాను. గుమ్మంలో సంచితో వదిన ఎదురొచ్చింది.

"ఏంది, దయ్యాన్ని చూసినట్టున్నవ్?"

"కింద ఎవరో ఉన్నరు వదినా! ఊపిరి తీస్తున్నరు!"

ఆమె సంచి కింద పెట్టింది. వంకాయలు ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో పెట్టింది. "ఉంటే ఉండనీ," అంది నెమ్మదిగా. "నిన్నేమన్నా అన్నడా?"

అన్నాడా అంది. అన్నదా అని కాదు. ఆ రోజు నుంచి ఒంటరిగా కిందికి దిగాలంటే వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేసి మరీ దిగేదాన్ని.

మా ఆయనకు చెబితే, "నీకు గాలి చప్పుడుకు గూడ భయమేనా," అని కొట్టిపారేశాడు. కానీ వదిన దగ్గు పెరిగింది. దగ్గీ దగ్గీ కళ్ళు ఎర్రబడి, పెదాలు నీలంగా మారుతుంటే చూడలేకపోయాను. ఆమెను మా ఆయన మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయిన రోజున మేస్త్రిని పిలిపించాను. ఇద్దరం కిందికి దిగాం. సిగ్గూ లేదు, లజ్జా లేదు, ఆ తెర పట్టుకుని ఒక్క గుంజు గుంజాను.

గోడ అడుగున పాత ఇనుప పైపు మూతి ఉంది. చుట్టూ పచ్చటి పాకుడు. కానీ నా కళ్ళు పైపు మీద నిలవలేదు. దాని ముందు నేల మీద పరుపు ఉంది. అంటే మేము మంచం మీద చూసే దుప్పటి, దిండు మాకు చూపించడానికే. ఇన్నాళ్ళూ ఆమె ఇక్కడ, నేల మీద, ఈ పైపుకు తల పెట్టి పడుకుంటోంది. పరుపు మీద రెండు దిండ్లు ఉన్నాయి. ఒక దిండు తల పెట్టి పెట్టి నడిమధ్య గుంటపడింది. పైపు వైపున్న రెండో దిండు మీద ముడత లేదు, నలిగిన గుర్తు లేదు, కానీ ముట్టుకుంటే నీళ్ళు కారేంత తడి. మేస్త్రి నా ముఖం చూశాడు, నేను అతని ముఖం చూశాను. "నేను జెర బయట కూసుంట అమ్మా," అని అతను మెట్లెక్కేశాడు.

సాయంత్రం డాక్టరు దగ్గర నుంచి తిరిగొచ్చిన మా ఆయనకు మాత్రం అది పండగ. పైపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి అడ్డుపెట్టి, "దొరికింది! తడిగాలి అంతా గిక్కడికెల్లే వస్తుంది. లీకు దొరికినాక ఇంక ఏం ఫికర్?" అన్నాడు. ఆయనకు తెలిసిన విద్య ఒకటే. పైపుకు మూతి తెరిచి ఉంటే దానికి ఇనుప పలక వేసి బిగించాలి. ఆ పైపు ఎక్కడికి పోతుంది, ఎందుకు పెట్టారు అని ఆయన అడగలేదు. నేను కూడా అడగలేదు. మేస్త్రి పాత నీళ్ళ లైను అయి ఉంటుందన్నాడు, మాకు ఆ మాట చాలింది.

సెలవు రోజున రబ్బరు వాషరు, మందపాటి ఇనుప పలక, బోల్టులు తెచ్చాడు. వదిన మెట్ల మీద కూర్చుంది.

"మూయకు తమ్మీ," అంది.

"అక్కా, డాక్టర్ ఏమన్నడో విన్నవ్ గదా?"

"విన్న. అయినా మూయకు."

ఆయన వినలేదు. తన అక్క బతకాలని ఆయన ఆశ. పానాతో ఒక్కో బోల్టు తిప్పుతుంటే ఇనుము కీచుమంది. ఆఖరి బోల్టు బిగిసేదాకా ఆమె రెప్ప వేయలేదు. "గట్టిగ పెట్టినవా?" అని అడిగింది. "చీమ గూడ దూరది," అని ఆయన సంతోషంగా చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను దగ్గు ఆపుకుంటోంది అనుకున్నాను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, గోడలు ఎండాయి. మేస్త్రి ఆ మూల కూడా కెమికల్ పూశాడు. ఉప్పు పొంగడం ఆగింది, వాసన పోయింది, దగ్గు తగ్గుముఖం పట్టింది. నేను జిలేబీ తెప్పించి గల్లీలో పంచాను. ఊపిరి చప్పుడు లేదు, దీపం వంగడం లేదు. ఆ నిశ్శబ్దం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

వదిన మాత్రం ఎండిపోవడం మొదలుపెట్టింది. అన్నం కెలికి వదిలేసేది. నాతో పోట్లాట మానేసింది. నేను కావాలని ఎగతాళి చేసినా తిరిగి ఒక్క మాట అనేది కాదు. ఆమె నన్ను తిట్టకపోతే ఇల్లు ఇల్లులా లేదు. మధ్యాహ్నం కిందికి వెళ్ళి చూస్తే పరుపు మీద కూర్చుని, అరచెయ్యి ఆ ఇనుప పలక మీద ఆనించి, చెవి గోడకు పెట్టి ఉండేది. ఒకరోజు నా ఓపిక నశించింది.

"అది పైపు వదినా! మనిషి కాదు! ఏమైంది నీకు? గోడతోని కాపురం చేస్తవా ఏంది?"

ఆమె తల తిప్పింది. "నీకు అన్నయ్య గురక యాదికున్నదా?" అంది.

ఉంది. ఆయన మా ఇంటికొస్తే పక్కింటివాళ్ళకు కూడా నిద్ర ఉండేది కాదు.

"గురక నడుమల ఊపిరి ఆగుతుండె. ఆగితే నాకు పానం పోతుండె. భుజం మీద తట్టేదాన్ని. మల్ల తీసుకునేటోడు. పెండ్లయినకాన్నుంచి గదే కత. నా నిద్ర ఏనాడన్నా నాదా? గా దినం తలకాయ నొస్తుంటే, జెర పండుకుంట అని పక్క రూంలకు పోయి తలుపేసుకున్న. మస్తు నిద్రపట్టింది." ఆగింది. "పొద్దుగాల చాయ్ పెట్టుకొని పోయి లేపిన."

నా చూపు ఆ ఇనుప పలక మీద పడింది.

"పక్కన ఉంటే తట్టేదాన్ని గదా? ఎన్నిసార్లు తట్టలేదు? ఈడికొచ్చిన దినమే విన్న. గట్లనే ఆగుతుంది, గట్లనే మల్ల తీసుకుంటది. ఆగినప్పుడల్లా పైపు మీద తట్టిన. తీసుకునేది. నాకు తెల్వదా అది మనిషి కాదని? నేనేమన్నా పిచ్చిదాన్నా? తెలుసు. గని నాకు ఒక పని దొరికింది." ఆమె అరచెయ్యి ఇంకా పలక మీదే ఉంది. "ఒకసారి నేను తలుపేసుకున్న. గిప్పుడు మీరేసిండ్రు."

ఆమె పక్కన కూర్చుని ఆ ఎండిన, శుభ్రమైన గోడను చూశాను. ఆ గోడ మీద నాకు అసహ్యం పుట్టింది. కానీ పలక విప్పమని మా ఆయనతో చెప్పలేదు. విప్పితే తడి, తడి వస్తే దగ్గు, దగ్గు వస్తే వదిన ఉండదు. ఏడ్చినా మొత్తుకున్నా ఆమె బతికి ఉండటమే నాకు కావాలి.

వానలు మళ్ళీ గట్టిపడ్డాయి. పైన చెరువుల గేట్లు ఎత్తుతున్నారనీ, మూసీ పక్కన ఉన్నవాళ్ళు జాగ్రత్తగా ఉండాలనీ మైకులో చెబుతూ బండి తిరిగింది. ఆ సాయంత్రం మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నేను మిషన్ దగ్గర ఉన్నాను. కింది నుంచి టక్, టక్ అని చప్పుడు వచ్చింది. ఆగి ఆగి వస్తోంది. వదిన సుత్తితో ఏమైనా చేస్తోందేమోనని మెట్ల దాకా వెళ్ళి చూశాను. ఆమె గది మధ్యలో నిలబడి ఉంది. చేతులు ఖాళీ.

"కిందికెల్లి తడుతున్నడు," అంది నాతో. ఆమె ముఖంలో మొదటిసారి భయం చూశాను.

నేల మీద షాబాద్ బండలు. వాటిలో ఒకటి నా కళ్ళముందే చిన్నగా ఎగిరి, టక్కున కింద పడింది. బండల సందుల్లో నీళ్ళ బుడగలు పొంగి పగిలాయి. వదిన చెయ్యి పట్టుకుని పైకి గుంజాను, రాలేదు. ఏం చేయాలో తోచక పక్కింటి ఖాలాను గట్టిగా కేకేశాను. ఆ ఖాలా పుట్టి పెరిగింది ఆ గల్లీలోనే. మాకు ఇల్లు అమ్మినవాళ్ళు ఆమెకు చుట్టాలు. ఆ రోజు గురువారం కావడంతో ఇంట్లో లోబాన్ పొగ వేసుకుంటోంది. నా కేక విని చేతిలో ధూపదానితోనే పరిగెత్తుకొచ్చింది. మెట్లు దిగి, మూలన ఇనుప పలక చూసి, నోటి మీద చెయ్యి వేసుకుంది.

"హాయ్ అల్లా! బౌడీ కా మూ బంద్ కర్‌దియే?"

"ఏం బౌడీ ఖాలా?"

"ఈ తైఖానా కింద బౌడీ, పాత బావి ఉంది కదా బేటీ! నల్లా వచ్చినంక దాని మీద బండ కప్పిండ్రు. బావిని కప్పినా దాని సాంస్, ఊపిరి బంద్ చెయ్యొద్దని పైపు ఇడిచిండ్రు. నీళ్ళు మీదికొస్తే లోపలి గాలి ఏడికి పోవాలె? గిట్ల ఫర్ష్ బండలు లేపుతది!" ఖాలా ధూపదానితో పలక వైపు చూపించింది. "జుమ్మేరాత్ నాడు ఈడ లోబాన్ పెడుతుండె మా వాళ్ళు. పొగ పైపు లోపలికి పోతే ఖైర్, ఫికర్ లేదు. బయటికి కొడితే నీళ్ళొస్తున్నయని సామాను మీదికి మోస్తుండె. మీకు ఎవ్వరు చెప్పలేదా?"

ఎవరు చెబుతారు? ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకు అది చెప్పాల్సిన సంగతే కాదు. మాకు అడగాలనే తోచలేదు. మేము బావి నోరు కట్టేసి, దాని మీద మా మనిషిని పడుకోబెట్టాం.

మా ఆయన పానా వెతికి తెచ్చి నేనే బోల్టులకు పెట్టాను. ఆయన బిగించిన బోల్టులు కదలక పానా జారిపోతోంది. వదిన వచ్చి నా చేతుల మీద తన చేతులు వేసింది. ఇద్దరం కలిసి తిప్పాం. ఆఖరి బోల్టు వదులైందో లేదో, పలక ఎగిరి నేల మీద పడింది. లోపలి నుంచి గాలి వచ్చింది. వానకు కరెంటు పోయిన ఆ గదిలో అన్నయ్య ఫోటో ముందు దీపం కూడా ఆరిపోయింది. ఖాలా చేతిలో పొగ అడ్డంగా పడిపోయి మా ముఖాలకు కొట్టుకుంది. ఆ నిట్టూర్పు ఎంతకీ అవలేదు. చల్లగా, చేదుగా, ఎన్నో ఏళ్ళ బురద వాసనతో మా ముగ్గురి మధ్య నుంచి పోతూనే ఉంది. ఖాలా కళ్ళు మూసుకుని దువా చదువుతోంది. నాకు ఏ దేవుడి పేరూ గుర్తు రాలేదు.

తర్వాత ఆగింది. బండల కింద చప్పుడు కూడా ఆగింది. ముగ్గురం చీకట్లో నిలబడ్డాం. ఎదురుచూస్తున్నామని ఎవరూ అనలేదు కానీ ముగ్గురం ఎదురుచూస్తున్నాం. ఎంతసేపటికీ ఊపిరి తిరిగి రాలేదు. వదిన కిందికి వంగి, వేళ్ళ కొసలతో, పడుకున్న మనిషి భుజం మీద తట్టినట్టు పైపు మీద తట్టింది.

ధూపదానిలో నిప్పు వెలుగుకు చూశాం, లోబాన్ పొగ సన్నటి దారంలా సాగి పైపులోకి పోయింది.

వదిన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అన్నయ్య పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదని మా ఆయన తర్వాత చెప్పాడు. నేను కూడా ఏడ్చాను. భయంతోనో, ప్రేమతోనో, రెండూ కలిసో తెలియదు.

మా ఆయన వచ్చి, మేము చెప్పిందంతా విని, ఆ నేల చూసి మంచం మీద కూర్చుండిపోయాడు. పైపు మూస్తే బావి ఊరుకోదు, తెరిస్తే అక్క మిగలదు. ఆ చిక్కు ఆయనే విప్పాడు. పైపును మూయకుండా పొడిగించాడు. సెల్లార్ మూల నుంచి కప్పు గుండా పైకి, వెనకగది గోడ వెంబడి, డాబా దాటి ఆకాశంలోకి. ప్లాస్టిక్ గొట్టం అయితే పని తేలికయ్యేది. ఆయన మాత్రం, అక్క తడితే మోగాలని ఇనుపదే వేశాడు. వెనకగదిలో ఆ పైపు పక్కనే మంచం వేసి, అక్కను పిలిచి, "ఈడికెల్లే పోతడు అక్కా. నీ పక్కకెల్లే," అన్నాడు. చదువుకున్న ఫిట్టర్, ఆ మాట అనడానికి సిగ్గుపడలేదు. ఆ రోజు మా ఆయన మీద నాకు పుట్టిన ప్రేమ అంతా ఇంతా కాదు.

వదిన పైకి వచ్చింది. సెల్లార్ గోడలు ఎండాయి, మూటలు అక్కడికి చేరాయి. తడిగాలి డాబా మీద నుంచి పోతోంది. ఎండాకాలంలో బట్టలు ఆరేస్తుంటే అప్పుడప్పుడు నా మెడ మీద చల్లగా తగిలి ఉలిక్కిపడతాను, అంతే. మళ్ళీ వదిన నన్ను తిడుతోంది, నేను తిడుతున్నాను. గదిలో ఆ పైపుకు నేను చాలాసార్లు చెవి పెట్టి చూశాను. నాకేమీ వినపడదు. అంత పొడుగు పైపులో ఏం వినపడదని మా ఆయన కూడా అన్నాడు. వదిన మాత్రం, "ఉన్నడు," అంటుంది.

డాక్టరు మళ్ళీ తీయించిన ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తి ఇక చెడిపోదు గానీ చెడిపోయింది తిరిగి రాదన్నాడు. పడుకున్నప్పుడు కనిపెట్టుకుని ఉండమన్నాడు. ఆయన ఏమన్నాడో నాకు కొన్నాళ్ళకు అర్థమైంది. ఒక మధ్యాహ్నం జాకెట్ కుడుతూ కుడుతూ దారం తెగి మిషన్ ఆపాను. వెనకగదిలో వదిన ఊపిరి వినిపిస్తోంది. వింటూ ఉండగానే ఆగింది. లేచి గుమ్మం దాకా వెళ్ళాను. ఆమె పైపు మీద చెయ్యి వేసుకుని పడుకుంది. దుప్పటి లేవడం లేదు. లోపలికి పోతే నిద్ర చెడుతుందేమో, పోకపోతే ఏమవుతుందో. మంచం దగ్గరికి వెళ్ళి, నాకు తెలియకుండానే, ఆమె భుజం మీద వేళ్ళతో తట్టాను.

"ఉన్న," అంది కళ్ళు తెరవకుండానే. "పోయి నీ పని చూస్కో."

వచ్చి మిషన్ ముందు కూర్చున్నాను. దారం ఎక్కించాను. కానీ మిషన్ తొక్కలేదు. ఆ చప్పుడులో ఆమె ఊపిరి వినపడదు.